డిశ్చార్జి రోజుతో ఆగిపోయిన లెక్క: హెర్నియా ఆపరేషన్ తర్వాత కాంప్లికేషన్లను ఎప్పటి వరకు నమోదు చేయాలి?

పీజీ_సర్జరీ (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. నేను జనరల్ సర్జరీలో రెండో సంవత్సరం పీజీని. గజ్జల్లో వచ్చే హెర్నియాకు (కండరం బలహీనపడిన చోట లోపలిది ఉబ్బుగా బయటికి తోసుకురావడం) మెష్, అంటే సన్నని వల, పెట్టి చేసే ఆపరేషన్లలో ఓపెన్ (కోసి తెరిచి చేసేది), లాప్రోస్కోపిక్ (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసేది) పద్ధతులను పోల్చి, వాటి తర్వాత వచ్చే కాంప్లికేషన్లు ఎలా ఉన్నాయో చూడడం నా థీసిస్ విషయం. కేస్ షీట్లు తిరగేసి, వాటిలో ఉన్నదాన్ని ఎక్సెల్‌లోకి ఎక్కిస్తే సరిపోతుందనుకుని పని మొదలుపెట్టాను.

ఒక రోగి వయసు కేస్ షీట్‌లో ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా ఉంటే, సరిచూసుకుందామని ఫోన్ చేశాను. ఆయన భార్య ఎత్తారు. వయసు చెప్పాక, నేను అడగకుండానే ఆవిడ ఇలా అన్నారు: తొమ్మిదో రోజున కట్టు మీద పసుపు మరక కనిపించిందట, దగ్గరలో ఉన్న డాక్టరు రెండు కుట్లు తీసి, చీము వత్తి, ఐదు రోజులకు యాంటీబయాటిక్ మాత్రలు రాశారట. నా ముందున్న కేస్ షీట్‌లో మూడో రోజు తారీకుతో "గాయం బాగుంది, డిశ్చార్జి" అని ఉంది. నా ఎక్సెల్‌లో ఆ వరుసకు ఎదురుగా కాంప్లికేషన్ లేదని ఉంది. ఆ తర్వాత కుతూహలం కొద్దీ మరికొందరికి ఫోన్ చేస్తే ఇలాంటివి ఇంకా బయటపడ్డాయి.

ఈ సంగతి మా గైడ్‌కు చెప్పాను. ఆయన కోప్పడలేదు. "రికార్డులో ఉన్నదే రాయి. తవ్వితే ఏ యూనిట్‌లోనైనా దొరుకుతాయి, తవ్విన యూనిట్ ఒక్కటే చెడ్డగా కనిపిస్తుంది" అన్నారు. ఆ మాటలో న్యాయం లేదని అనలేను. అయినా తెలిసి తెలిసి ఆ వరుసలో లేదని ఎలా ఉంచాలో తోచడం లేదు.

నాకు మూడు విషయాలు తెలియాలి. ఆపరేషన్ అయిన ఎన్నో రోజు వరకు లెక్కలోకి తీసుకోవాలి? నేను కళ్లతో చూడని గాయాన్ని రోగి మాట మీద ఇన్‌ఫెక్షన్ అని రాయవచ్చా? ఫోన్ ఎత్తని వారిని ఏం చేయాలి?

లెక్కల_మనిషి

నేను వైద్య పరిశోధనల గణాంకాలు చూసే పనిలో ఉన్నాను, కాబట్టి రెండో ప్రశ్నను వైద్యులకు వదిలి మిగతా రెండింటి గురించి రాస్తాను.

గడువు విషయంలో మీరు కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేదు. సర్జికల్ ఇన్‌ఫెక్షన్ల మీద నిఘాకు ఎక్కువ మంది వాడే అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ నిర్వచనం ప్రకారం, చర్మం, దాని కింది పొర వరకే ఉన్న ఇన్‌ఫెక్షన్‌ను ఆపరేషన్ రోజు నుంచి 30 రోజుల వరకు చూస్తారు. హెర్నియా ఆపరేషన్లలో లోతైన ఇన్‌ఫెక్షన్లకు ఆ గడువు 90 రోజులు. మెష్ లాంటివి లోపల పెట్టినప్పుడు ఒకప్పుడు సంవత్సరం పాటు చూడాలనేవారు, తర్వాత దాన్ని తగ్గించారు. ఈ గడువులన్నీ ఆపరేషన్ రోజు నుంచే మొదలవుతాయి, డిశ్చార్జి రోజుకు వాటిలో చోటే లేదు.

మీ థీసిస్‌లో ఇది ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. లాప్రోస్కోపీ చేయించుకున్నవారు సాధారణంగా ముందే ఇంటికి వెళ్తారు. డిశ్చార్జి వరకే లెక్కపెడితే, ఒక వర్గాన్ని ఒక రోజు, ఇంకో వర్గాన్ని మూడు రోజులు చూసి, మొదటి వర్గంలో కాంప్లికేషన్లు తక్కువని తేల్చినట్టవుతుంది. అందరిలోనూ సమానంగా కొన్ని కేసులు తప్పిపోతే శాతాలు తగ్గుతాయేమో గానీ పోలిక కొంతవరకైనా నిలుస్తుంది. ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ తప్పిపోతే ఆ పోలికకే అర్థం ఉండదు. మీ గైడ్ గారితో మాట్లాడేటప్పుడు యూనిట్ పరువు సంగతి పక్కన పెట్టి ఈ మాట చెప్పి చూడండి, పరీక్షకులు అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే అవుతుంది.

ఇక ఫోన్ ఎత్తని వారు. 100 మందికి ఆపరేషన్ జరిగింది, 70 మంది దొరికారు, వారిలో 7 మందికి ఇన్‌ఫెక్షన్ వచ్చిందని అనుకుందాం. 70లో 7 అని 10 శాతం రాసేస్తే, దొరకని 30 మంది కూడా దొరికినవారిలాగే ఉన్నారని మీరు చెప్పకుండానే చెప్పినట్టు. వారిలో ఎవరికీ ఏమీ కాలేదనుకుంటే 7 శాతం, అందరికీ ఇన్‌ఫెక్షన్ వచ్చిందనుకుంటే 37 శాతం. నిజం ఆ రెండింటి నడుమ ఎక్కడో ఉంటుంది, ఆ దూరం ఎంతో పాఠకుడికి కనిపించేలా రాయాలి. దొరకని వారి వయసు, మధుమేహం, పొగతాగే అలవాటు వంటివి కేస్ షీట్‌లో ఎలాగూ ఉంటాయి, వాటిని దొరికిన వారితో పోల్చి ఒక పట్టికగా ఇవ్వండి.

ఒక్కరికీ ఇన్‌ఫెక్షన్ రాలేదని సంతోషించేవారికి కూడా ఒక చిన్న సూత్రం ఉంది. గమనించిన వారిలో ఒక్క కేసూ లేకపోతే, 3ను ఆ మనుషుల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే 95 శాతం నమ్మకంతో చెప్పగల పై హద్దు. 60 మందిలో సున్నా అంటే, అసలు రేటు 5 శాతం వరకు ఉండే అవకాశం ఇంకా తోసిపుచ్చలేనిదే. అలాగే 5 శాతానికీ 10 శాతానికీ మధ్య తేడాను పట్టుకోవాలంటే, మామూలుగా వాడే 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే దాన్ని పట్టుకోగల అవకాశం) వర్గానికి సుమారు 435 మంది కావాలి. పీజీ థీసిస్‌లో అంతమంది దొరకరు. అందుకని "తేడా లేదు" అన్న వాక్యాన్ని ముగింపులో రాయకండి, "ఈ సంఖ్యతో తేడా కనిపించలేదు" అని రాయండి. నా దగ్గరకు వచ్చే థీసిస్‌లలో ఎక్కువగా కొట్టివేసే వాక్యం అదే.

వార్డు_సిస్టర్

నేను సర్జికల్ వార్డు ఇన్‌చార్జి సిస్టర్‌ను. లెక్కల గురించి పైన రాసినవారు రాశారు కాబట్టి, ఫోన్‌లో ఏం అడగాలో నాకు తెలిసింది చెబుతాను.

"గాయం బాగానే ఉందా?" అని అడిగితే నూటికి తొంభై మంది "బాగానే ఉంది" అనే అంటారు. డాక్టరుతో మాట్లాడుతున్నామన్న మర్యాద కొంత, ఇప్పుడు తగ్గిపోయింది కదా అన్న ఆలోచన కొంత. జరిగినదాన్ని అడగండి. కట్టు ఎప్పుడైనా తడిసిందా, ఆ తడి ఏ రంగులో ఉంది, వాసన వచ్చిందా, ఎవరైనా కుట్టు ముందుగా తీశారా, ఇంటికి వెళ్లాక మేము రాయని మాత్రలు ఏమైనా వేసుకున్నారా, జ్వరం వచ్చిందా, గాయం కోసం ఎవరి దగ్గరకైనా వెళ్లారా అని అడగండి. మాత్రల పేరు గుర్తులేకపోతే అట్ట తీసి చదవమనండి, చాలా ఇళ్లలో అది ఇంకా ఉంటుంది. వీలైతే ఇంట్లో కట్టు మార్చినవారితో మాట్లాడండి. గజ్జల్లో గాయాన్ని రోగి తలవంచి సరిగ్గా చూసుకోలేడు, చూసింది వాళ్లే. మీకు ఆ సంగతి చెప్పింది భార్యే అని మీరే రాశారు.

ఇంకొకటి కొంచెం మొహమాటంగానే రాస్తున్నాను. డిశ్చార్జి రోజున "గాయం బాగుంది" అని రాసిన కేస్ షీట్లన్నింటిలోనూ ఎవరో ఒకరు కట్టు విప్పి చూశారని మీరు అనుకోవద్దు. పై నుంచి కట్టు పొడిగా ఉంటే ఆ మాట రాసేయడం నేను ఎన్నోసార్లు చూశాను. ఊపిరి లెక్క కూడా అంతే. చార్టులో నాడి, బీపీ గంట గంటకూ మారుతూ ఉంటాయి, ఎందుకంటే వాటిని యంత్రం చూపిస్తుంది. ఊపిరి మాత్రం వార్డు మొత్తం మీద అందరికీ 18 లేదా 20 అనే ఉంటుంది, దాన్ని నిమిషం పాటు నిలబడి కళ్లతో లెక్కపెట్టాలి. ఒంట్లో ఏదో తేడా చేస్తున్నప్పుడు చాలామందిలో అన్నిటికంటే ముందు మారేది ఆ అంకే. కాబట్టి కేస్ షీట్ నుంచి ఏ గడి ఎత్తి రాసుకుంటున్నా, దాన్ని ఎవరు, ఎలా నింపి ఉంటారో ఒక్కసారి వార్డుకు వచ్చి అడగండి. మేము దాచము.

సిస్టర్లకు బద్ధకం అనేవారి కోసం ఒక మాట. 2002లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రుల సర్జికల్ రోగుల మీద వచ్చిన పరిశోధనలో, ఒక నర్సు చూడవలసిన రోగుల సంఖ్య ఒక్కటి పెరిగిన కొద్దీ 30 రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం చొప్పున పెరిగిందని తేలింది. నిమిషం నిలబడి లెక్కపెట్టాలంటే ఆ నిమిషం ఉండాలి కదా.

పాత_సర్జన్

మీ గైడ్ గారి భయం నాకు బాగా అర్థమవుతుంది, నేనూ ఒకప్పుడు నా పీజీలకు అదే చెప్పాను. బోస్టన్‌లో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జన్ ఈ గొడవను వందేళ్ల కిందటే పడ్డాడు. ప్రతి రోగినీ ఏడాది తర్వాత కూడా కనుక్కుని, ఆపరేషన్ ఫలించిందా లేదా, ఫలించకపోతే ఎందుకని రాసి ప్రచురించాలన్నది ఆయన పట్టుదల. పెద్ద ఆసుపత్రి ఒప్పుకోకపోతే బయటికి వచ్చి సొంతంగా చిన్న ఆసుపత్రి పెట్టుకుని, 1911 నుంచి 1916 వరకు డిశ్చార్జి చేసిన 337 మంది లెక్కలో తన 123 పొరపాట్లను తానే అచ్చు వేశాడు. తోటివారు ఆయనను మెచ్చుకోలేదు, ఆదాయమూ పోయింది. ఇప్పుడు అందరూ ఆయన పేరు గౌరవంగా తలుచుకుంటారు, అది వేరే సంగతి.

ఎక్కువ కాంప్లికేషన్లు దొరికితే యూనిట్ చెడ్డదవుతుందన్న లెక్క మాత్రం నిలవదు. 2009లో అమెరికాలో 84,730 మంది ఇన్‌పేషెంట్ సర్జరీ రోగుల సమాచారంతో చేసిన అధ్యయనంలో, మరణాలు బాగా ఎక్కువగా ఉన్న ఆసుపత్రుల్లో కాంప్లికేషన్లు 24.6 శాతం, మరణాలు బాగా తక్కువగా ఉన్న ఆసుపత్రుల్లో 26.9 శాతం. అంటే దాదాపు సమానం. తేడా అంతా ఆ తర్వాత ఉంది. పెద్ద కాంప్లికేషన్ వచ్చినవారిలో మొదటి రకం ఆసుపత్రుల్లో 21.4 శాతం, రెండో రకం ఆసుపత్రుల్లో 12.5 శాతం మరణించారు. వచ్చిన కష్టాన్ని ఎంత త్వరగా పసిగట్టి, ఎంత త్వరగా రోగిని గట్టెక్కించారన్న దాంట్లోనే ఉంది తేడా. సిస్టర్ గారు చెప్పిన ఊపిరి లెక్క సరిగ్గా ఇక్కడికే వస్తుంది.

ఇక మీ రెండో ప్రశ్న. రోగి మాట మీద రాయవచ్చు, కానీ "ఫోన్‌లో తెలిసినది" అన్న వేరే గడిలో రాయండి. చీము కారిందని స్పష్టంగా చెబితే అది నిర్వచనంలో నిలుస్తుంది. కుట్టు సూది దిగిన చోట మాత్రం చిన్న ఎరుపు, కాస్త తడి ఉంటే దాన్ని కుట్టు దగ్గర చీముపొక్కు అంటాము, దాన్ని ఇన్‌ఫెక్షన్ లెక్కలో వేయకూడదు. ఎంత తీవ్రమైనదో రాయడానికి 2004 నాటి క్లావియన్-డిండో వర్గీకరణ వాడండి. అందులో ఎలా కనిపించిందన్న దానికంటే, దానికోసం ఏం చేయవలసి వచ్చిందన్నదే కొలబద్ద. మంచం పక్కనే కుట్లు తీసి గాయం తెరిస్తే 1వ గ్రేడు, యాంటీబయాటిక్ ఇవ్వవలసి వస్తే 2, మళ్లీ ఆపరేషనో మరో ప్రక్రియో అవసరమైతే 3, ఐసీయూకు చేర్చవలసిన ప్రాణాపాయం 4, మరణం 5. కాబట్టి మీరు చెప్పిన రోగి 2వ గ్రేడు. ఈ కొలతలో ఉన్న మేలు ఏమిటంటే ఫోన్‌లో కూడా అడగవచ్చు. గాయం ఎంత ఎర్రగా ఉందో ఇంటివారు చెప్పలేకపోవచ్చు గానీ, మాత్రలు వాడారో లేదో, మళ్లీ ఆసుపత్రిలో చేరారో లేదో తప్పకుండా చెప్పగలరు.

గడువు గురించి లెక్కల మనిషి గారు చెప్పినదానికి ఒక చేర్పు. హెర్నియాలో ఎప్పుడు అడిగారన్న దాన్ని బట్టి జవాబే తిరగబడుతుంది. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 2,164 మంది మగవారితో జరిపి 2004లో ప్రచురించిన ట్రయల్‌లో, లాప్రోస్కోపీ చేయించుకున్నవారికి తొలి రెండు వారాల్లో నొప్పి తక్కువగా ఉంది, మామూలు పనుల్లోకి ఒక రోజు ముందే వెళ్లారు. అక్కడితో ఆపి ఉంటే ఆ పద్ధతే మేలని రాసుకునేవాళ్లం. రెండేళ్లు చూస్తే హెర్నియా తిరిగి వచ్చింది లాప్రోస్కోపీలో 10.1 శాతం మందికి, ఓపెన్‌లో 4.9 శాతం మందికి. అదే ట్రయల్‌లో 250కి పైగా లాప్రోస్కోపిక్ ఆపరేషన్లు చేసిన చేతుల్లో మొదటిసారి వచ్చిన హెర్నియాలను విడిగా చూస్తే ఆ తేడా చాలావరకు పోయింది. అందుకని మీ పట్టికలో ఆపరేషన్ చేసినవారి అనుభవానికి ఒక గడి పెట్టండి. ఇది చాలా థీసిస్‌లలో ఉండదు, సర్జన్లకు నచ్చదు కాబట్టి.

పీజీ_సర్జరీ

అందరికీ కృతజ్ఞతలు. రెండు సందేహాలు మిగిలాయి. ఎథిక్స్ కమిటీ ఆమోదించిన ప్రోటోకాల్‌లో ఫోన్ సంగతి లేదు. కుతూహలం కొద్దీ నేను చేసిన ఆ ఫోన్ల సమాచారం ఇప్పుడు వాడుకోవచ్చా? అలాగే, ఆపరేషన్లలో సగం నేను అసిస్ట్ చేసినవే, ఫోన్ నేనే చేస్తే ఇబ్బంది ఉందా?

లెక్కల_మనిషి

మొదటిదానికి జవాబు, వాడకూడదు. కమిటీకి సవరణ పంపించి, ఫోన్‌లో ముందుగా ఏం చెప్పి సమ్మతి తీసుకుంటారో, ఏ ప్రశ్నలు ఏ వరుసలో అడుగుతారో జతచేసి, ఆమోదం వచ్చాక అందరికీ మొదటి నుంచి చేయండి. ఇప్పటికే మాట్లాడిన వారితో సహా. కొందరికే చేసిన ఫోన్లు మీ అనుమానాన్ని బట్టి చేసినవి కావచ్చు, అలాంటివి కలిస్తే లెక్క ఒక వైపుకు ఒరిగిపోతుంది.

రెండోదానికి, ఇబ్బంది ఉంది. ఆపరేషన్ చేసినవారు అడిగితే రోగి చెప్పేది మారుతుంది, వినేవారి చెవి కూడా మారుతుంది. ఏ పద్ధతిలో ఆపరేషన్ జరిగిందో తెలియనివారితో చేయించండి, చేతిలో పేరు, నంబరు, ప్రశ్నల కాగితం తప్ప ఏమీ ఇవ్వకండి. మీ యూనిట్‌కు సంబంధం లేని జూనియర్ ఎవరైనా సరిపోతారు.

ఫలితాలు రాసేటప్పుడు కేస్ షీట్ల ప్రకారం వచ్చిన సంఖ్యనూ ఫోన్ల తర్వాత వచ్చిన సంఖ్యనూ పక్కపక్కనే ఇవ్వండి. నా అంచనాలో మీ థీసిస్‌లో అందరూ చదివే పట్టిక అదే అవుతుంది, ఓపెన్-లాప్రోస్కోపీ పోలిక కాదు.

ఆపరేషన్_అయినవాడిని

నేను వైద్యుణ్ని కాను. రెండేళ్ల కిందట హెర్నియా ఆపరేషన్ చేయించుకున్నాను. పైన ఇన్ని రకాల గడుల గురించి చదివాక నాదొక గడి ఎక్కడా కనిపించక రాస్తున్నాను.

నాకు చీము పట్టలేదు, హెర్నియా తిరిగి రాలేదు. ఏ లెక్కలో చూసినా నా ఆపరేషన్ విజయవంతమే. కానీ కుర్చీలో కూర్చుని సాక్స్ వేసుకోవడానికి ముందుకు వంగితే గజ్జలో సూది గుచ్చినట్టు ఇప్పటికీ పట్టేస్తుంది. కారు క్లచ్ తొక్కేటప్పుడు ఎడమ కాలు కంటే ముందు ఆ నొప్పి గుర్తుకొస్తుంది. మూడో నెలలో చెకప్‌కు వెళ్లినప్పుడు దగ్గమన్నారు, చేత్తో చూశారు, బ్రహ్మాండంగా ఉందన్నారు. నొప్పి గురించి అడగలేదు, వెనక వరుసలో అంతమంది ఉండగా నేనూ చెప్పలేదు. ఆపరేషన్‌కు ముందు ఆ ఉబ్బు వల్ల నాకు నొప్పి లేదన్నది కూడా రాయాలి.

పాత_సర్జన్

ఆపరేషన్ అయినవాడిని గారూ, మీరు చెప్పిన గడి ఉండి తీరాలి. మూడు నెలలు దాటినా గజ్జల్లో నిలిచే నొప్పి 10 నుంచి 12 శాతం మందిని ఇబ్బంది పెడుతుందని 2018లో వచ్చిన అంతర్జాతీయ హెర్నియా మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇన్‌ఫెక్షన్ కంటే, హెర్నియా తిరిగి రావడం కంటే ఈరోజు మాకు పెద్ద తలనొప్పి అదే. మీరు మళ్లీ వెళ్లి మీ సర్జన్‌తో ఇదే వివరంగా, సాక్స్ సంగతితో సహా చెప్పండి. నరం చిక్కుకుపోయిన నొప్పి అయితే అక్కడ ఇంజెక్షన్ ఇవ్వడం దగ్గర నుంచి చేయగలిగినవి ఉన్నాయి.

చివరి వాక్యం గురించి కూడా ఒక మాట. బాధ పెద్దగా లేని మగవారిలో వెంటనే ఆపరేషన్ చేయడాన్నీ, గమనిస్తూ ఆగడాన్నీ పోల్చి 720 మందితో చేసిన ట్రయల్ 2006లో వచ్చింది. ఆగినవారిలో హెర్నియా హఠాత్తుగా ఇరుక్కుపోవడం 1,000 మందిని ఒక ఏడాది చూస్తే ఇద్దరికి కూడా జరగలేదు. అయితే రెండేళ్లలో 23 శాతం మంది తామే వచ్చి ఆపరేషన్ చేయించుకున్నారు, పదేళ్లయ్యేసరికి అది 68 శాతానికి చేరింది, ఎక్కువమంది నొప్పి మొదలయ్యే వచ్చారు. ఆగడం చాలామందికి వాయిదా మాత్రమే, కానీ ఆ వాయిదా ప్రమాదకరం కాదు. ఈ రెండు ముక్కలూ ఆపరేషన్‌కు ముందే మీకు చెప్పి ఉండవలసింది.

పీజీ గారూ, ఆపరేషన్‌కు ముందు నొప్పి ఎంత, మూడు నెలలకు ఎంత అని సున్నా నుంచి పది వరకు అంకె అడగండి. ముందు అంకె లేకపోతే తర్వాతి అంకెతో ఏమీ చెప్పలేము, కాబట్టి ఇకపై చేరే రోగుల నుంచైనా అది మొదలుపెట్టండి.

పీజీ_సర్జరీ

సవరణ రాసి కమిటీకి ఇచ్చాను. ఇన్‌ఫెక్షన్‌కు 30, 90 రోజులు, నొప్పికి మూడు నెలలు అని గడువులు పెట్టాను. నొప్పి గురించిన ప్రశ్నలో అంకెతో పాటు "సాక్స్ వేసుకునేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు ఎలా ఉంటుంది" అని కూడా చేర్చాను. ఫోన్లు చేయడానికి వేరే విభాగంలో ఉన్న నా బ్యాచ్‌మేట్ ఒప్పుకుంది. ప్రశ్నల కాగితాన్ని మా వార్డు సిస్టర్‌కు చూపిస్తే, "వాసన వచ్చిందా" అన్నది జ్వరం కంటే ముందు అడగమని వరుస మార్చి ఇచ్చారు.

గైడ్ గారికి డిశ్చార్జి రోజుల తేడా సంగతి చెప్పాను. ఆయన కాసేపు ఎక్సెల్ వైపు చూసి, లాప్రోస్కోపీ వరుసల్లో డిశ్చార్జి తారీకులు తానే ఒకటొకటిగా పైకి చదివారు. తర్వాత, ఆపరేషన్ చేసినవారి అనుభవం రాసే గడిలో తన పేరుకు ఎదురుగా ఏ సంఖ్య వేయబోతున్నావని అడిగారు. థియేటర్ రిజిస్టర్ చూసి లెక్కపెడతానన్నాను. పాత రిజిస్టర్లు ఏ బీరువాలో ఉన్నాయో చెప్పారు.